రెండు బూరల నడుమ ఎడం

రజాకార్ల గోల సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం చిలుకూరులో మా చుట్టాలింట్లో పెళ్ళి జరిగింది. పెళ్ళయిన మర్నాడు రంగుల పొడులతో మల్లన్న పట్నం ముగ్గు వేసి ఒగ్గు కథ చెప్పించడం మా గొల్లవారి ఆనవాయితీ. కథ చెప్పేది మా నాన్న. అప్పటికే ఆయన గొంతు బాగా అరిగిపోయింది. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన మగపెళ్ళివారికి ఈ కథ నచ్చితే తమ ఊరి పట్నాలకూ ఆయన్నే పిలుస్తారు, లేకపోతే వేరే మేళాన్ని మాట్లాడుకుంటారు. ఆ సంగతి తెలిసి, పొద్దున్నుంచీ నాన్న మిరియాల కషాయం తప్ప ఏమీ ముట్టలేదు.

సూర్యాపేట నుంచి బ్యాటరీ మైకు సెట్టు, దాన్ని నడిపే ఆయనతో సహా, బండి మీద వచ్చింది. నాకది వట్టి దండగ అనిపించింది. ఎవరికీ తక్కువ కాకూడదని పెళ్ళివారు ఒక మైకు బూరను ఆడపెళ్ళివారి ఇంటి ముందు, రెండోదాన్ని వీధి చివర మగపెళ్ళివారి విడిది ముందు కట్టించారు. నాన్న ఇంటి ముందు పందిట్లో కథ మొదలుపెట్టగానే ఆయన మాట దగ్గరి బూరలో ఒకసారి, విడిది బూరలో దూరం వల్ల కాస్త ఆలస్యంగా మరోసారి వచ్చింది. మాట మీద మాట పడి ముద్దయింది. నాన్న తడబడ్డాడు.

"కథ చెప్తుండా, గొర్లను అదిలిస్తుండా?" అని వెనక నుంచి ఓ ఆడమనిషి నవ్వింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మైకాయన లేచాడు. "జర ఆగు పెద్దయ్యా. తప్పు నీది గాదు, బూరలది."

విడిది ముందున్న బూర విప్పబోతే పెళ్ళికొడుకు పెదనాన్న అడ్డం వచ్చాడు. "మాదెందుకు ఇప్పుతున్నవ్? ఆళ్ళది మాత్రం ఉండాల్నా?"

"ముందు గా పందిట్లకొచ్చి కూసో పటేలా. డోలు కొట్టిస్త. ఎన్ని దెబ్బలు ఇనొస్తయో నువ్వే చెప్పు."

ఆయన పందిట్లో కూర్చుని విన్నాడు. "రెండు."

"మరి కొట్టింది?"

పెద్దమనిషి మీసం దువ్వుకున్నాడు. "ఒకటే."

మైకాయన రెండు బూరలనూ పందిరి ముందుకు తెచ్చి మొదట పక్కపక్కనే నిలిపాడు. దెబ్బ ఒక్కటిగానే వచ్చింది గానీ, అంచుల్లో కూర్చున్నవాళ్ళు వినపడడం లేదని కేకలేశారు. రెంటినీ చెరో అడుగు జరిపి, ముఖాలు కొంచెం బయటికి తిప్పి, మళ్ళీ డోలు కొట్టించాడు. మరీ ఎడమైతే నడుమ కూర్చున్నవాళ్ళకు చప్పుడు పలచబడేది. ప్రతిసారీ జనంలోకి వచ్చి కళ్ళు మూసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. జానెడు జరపడానికీ అంత నడకే. విసుక్కోలేదు, గొప్పలు పోలేదు. కొత్త వస్తువేదీ అడగకుండా, ఉన్నవాటితోనే పని చక్కబెట్టే మనిషంటే నాకు గౌరవం. ఆ రోజు అలాంటి మనిషిని చూశాను.

"ఇగ చెప్పు పెద్దయ్యా. అరవకు. పక్కనున్నోళ్ళతోని మాట్లాడినట్టే చెప్పు" అన్నాడు.

నాన్న అలాగే చెప్పాడు. ఏడుపు ఘట్టంలో ఆయన గొంతు గుసగుసకు దిగింది. చిట్టచివర అంచున కూర్చున్న నాకు ఆ జీరతో సహా ప్రతి మాటా అందింది. నవ్విన మనిషే కొంగుతో కళ్ళొత్తుకుంది.

కథ అయ్యాక పెళ్ళికొడుకు పెదనాన్న వచ్చి నాన్న చేయి పట్టుకున్నాడు. "మా ఊరి పట్నాలకు నువ్వే రావాలె బావా."

"వస్త" అన్నాడు నాన్న. "గని ఈ మైకాయన్ని గూడ పిలిస్తేనే."