నా ఎడమ మణికట్టు, మా డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారని మొన్న ఆదివారం ఆదోనిలో ఉన్న నాకు ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది. రిటైరై ఏళ్లయినా మైదానం మానని మనిషి, రెండు నెలల కిందట అక్కడ పిల్లలకు ఖోఖోలో కూర్చునే తీరు చూపించబోయి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ మంచం మీద నుంచి మళ్లీ లేవలేదు.

డ్రిల్లు సారంటే మీకు ఈల, బెత్తం గుర్తొస్తాయేమో. నాకు పత్తికట్టెలు గుర్తొస్తాయి. ఏటా ఆటలు మొదలయ్యే రోజు ఆయన చేతిలో రెండుండేవి, ఒకటి పచ్చిది, ఒకటి ఎండుది. పచ్చిదాన్ని వంచితే లోపల చిట్లేది గానీ రెండుగా విడిపోయేది కాదు.

"సూడండి, ఇరగనట్లే ఉంటాది. మీ ఎముకలు ఇట్లాంటివే. పడినాక వాపొస్తే తోమద్దు, లాగద్దు. నాకు సెప్పండి."

ఎండుదాన్ని పుటుక్కున విరిచి "ఇది నాది" అని నవ్వేవారు. ఏడాదంతా ఆడకుండా జాతర కబడ్డీకి దిగే నడివయసు మగవాళ్లంటే మాత్రం ఆయనకు ఒళ్లుమంట. పొద్దున తినకుండా వచ్చిన ఆడపిల్లను బరిలోకి రానిచ్చేవారు కాదు. "తినని పిల్లకి ఎముక యాడ గట్టిపడతాది?" అని తన డబ్బాలోని ఉగ్గాని పెట్టేవారు.

ఆ కట్టెల పాఠం నా చేతి వల్ల వచ్చిందే. ఏడో తరగతిలో కబడ్డీ ఆడుతూ ఎడమ చెయ్యి మీద పడ్డాను. "బెణికిందిలే పాపా" అని సారే నూనె రాసి తోమారు. అప్పట్లో మా వైపు అందరూ చేసేది అదే. మూడో రోజు ఎక్స్‌రే తీయిస్తే ఎముక చిట్లిందన్నారు. కట్టు విప్పేసరికి మణికట్టు కాస్త వంకరగా నిలిచిపోయింది. ఇక ఆటలు లేవంది అమ్మ. నేను అన్నం మానేసి ఏడ్చాను.

సారు మా ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా. ఇరిగినదాన్ని బెణికిందనుకొని తోమినాను. పాపని ఆడనియ్యి."

"మళ్లా పడితే ఎట్ల సార్?" అంది అమ్మ.

"పడితే తోమను. నేనే ఎత్తుకొని ఆసుపత్రికి పోతా."

అమ్మ సరేనంది. ఆర్నెల్లకు మళ్లీ బరిలోకి దిగాను, జిల్లా జట్టు దాకా వెళ్లాను. ఒక పెద్దమనిషి మా గడప ముందు తలవంచుకోవడం వల్లే నాకు ఆ ఆట దక్కింది.

తర్వాత ముప్పై ఏళ్లు, ఎక్కడ కనిపించినా ముందు నా మణికట్టు చూసి, ఆ తర్వాతే ముఖం చూసేవారు. "నొప్పుందా?" అని అడిగేవారు. "లేదు సార్" అనేదాన్ని. చలికాలంలో బాగా లాగేది. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకెప్పుడూ మనసు రాలేదు.

పోయిన నెల ఆయన్ని చూడ్డానికి వెళ్తే, "ఎండు కట్టె అని ఊరందరికీ సెప్పి, నేనే పడితి సూడు" అని నవ్వారు. నా చెయ్యి అందుకుని ఆ వంకర మీద బొటనవేలు పెట్టారు.

"నొప్పుందా?"

"లేదు సార్."

కళ్లు మూసుకున్నారు. వేలు మాత్రం తీయలేదు.

ఈ పొద్దున దుప్పటి పిండుతుంటే మణికట్టు కలుక్కుమంది. "ఉంది సార్" అని పైకే అన్నాను. దుప్పటి బకెట్లోకి వదిలేసి, ఆయన వేలు పెట్టిన చోట నా వేలు పెట్టుకుని నిలబడ్డాను.