గోడ మీద దయ్యపు కప్ప

తుడవనంటే తుడవను అన్నాను. స్టాఫ్ రూములో హెడ్మాస్టరు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"మేడం, బయట దాన్ని దయ్యం బొమ్మ అంటున్రు. తనిఖీకి పెద్దసార్లొస్తున్రు. జల్దీ సున్నం కొట్టియ్యుర్రి, ఒడిసిపోతది."

"దయ్యం కాదు సార్, కప్ప."

కప్పే. డైనోసార్లు తిరిగిన కాలంలో మడగాస్కర్ దీవిలో బతికింది. ఇప్పుడు దాని ఎముకలు మాత్రం రాళ్ళలో దొరుకుతున్నాయి. గుమ్మడికాయంత ఒళ్ళు, ముఖమంతా నోరే. డైనోసార్ పిల్లల్ని సైతం మింగి ఉండొచ్చని కొందరి ఊహ. అందుకే కాబోలు, శాస్త్రవేత్తలు దానికి దయ్యపు కప్ప అని అర్థం వచ్చేలా బీల్జెబూఫో అని పేరు పెట్టారు. ఆ పేరు విని మా పిల్లల్లో ఒక్కరూ జడుసుకోలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

నేను జీవశాస్త్రం టీచర్ని. మాది మధిర. ఉద్యోగం దుమ్ముగూడెం అవతల, అడవి అంచు ఊళ్ళో. వింతలన్నీ ఎక్కడో వేరేవాళ్ళకే అని నమ్మే పిల్లలకు, ఆ దీవి అంతకన్నా ముందు కాలంలో మన నేలకు అతుక్కునే ఉండేదని చెప్పాను. "అయితే మన చుట్టమే టీచర్!" అని ఒకమ్మాయి ఎగిరి గంతేసింది. ఆ మాట కోసమే వేసవి సెలవుల్లో పుట్టింటికి కూడా పోకుండా, ఎండలో నిలబడి రోడ్డువైపు గోడ మీద ఆ కప్పను వేశాను. అసలు సైజులో వేస్తే దూరానికి ఆనలేదు. అందుకని మనిషెత్తున వేసి, కాళ్ళ దగ్గర అసలు సైజు కప్పను కూడా గీశాను. పిల్లలకు అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. అలాంటి బొమ్మకు సున్నం కొట్టమంటే అరికాలి మంట నెత్తికెక్కదా?

"లేకుంటే మెమో ఇయ్యాల్సొస్తది" అన్నారాయన.

"ఇవ్వండి సార్, తీసుకుంటాను."

ఆ ఏడు వాన మొహం చాటేసింది. పక్కనే గోదావరి ఉన్నా మా మెట్ట చేలకు వానే దిక్కు. పత్తి మొలకలు వాడిపోతుంటే ఊరి ఆడవాళ్ళు కప్పతల్లి ఆటకు బయల్దేరారు. బతికున్న కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి ఊరేగిస్తారు. ఇంటింటా దాని మీద నీళ్ళు పోస్తారు. పోస్తే వాన పడుతుందని నమ్మకం. ఊరు తిరిగేసరికి ఆ కప్ప ప్రాణం సగం పోతుంది. నాకు ఆ ఆటంటే మొదటినుంచీ గిట్టదు.

మధ్యాహ్నం బడి బయట గోల వినిపించి వెళ్ళి చూస్తే, ఆడవాళ్ళందరూ బిందెలతో నా గోడ ముందు నిలబడి ఉన్నారు. కప్ప బొమ్మకు పసుపు రాసేశారు కూడా.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

ముందున్న పెద్దావిడ రోకలి చూపించింది. వేపమండలున్నాయి, కప్ప లేదు. "పొద్దుగాల్నుంచి ఎతుకుతున్నం టీచరమ్మా. చెరువుల లేదు, కుంటల లేదు, మళ్ళల్ల లేదు. మందులు కొట్టీ కొట్టీ కప్పల జాడే లేకుండ చేసుకున్నం. నీ కప్పతల్లి ఒక్కతే దొరికింది."

"అమ్మా, దీనికి నీళ్ళు పోస్తే వాన రాదు" అన్నాను.

"రాకపోతే మానె. పొయ్యనియ్యి" అంది.

అడ్డుపడదామనుకున్నదాన్ని ఆగిపోయాను. కట్టేస్తే గిలగిలా కొట్టుకునే ప్రాణం కాదు ఇది. పోస్తే పోయనీ అనుకున్నాను.

పోశారు. బిందె వెనక బిందె. నేను వాడింది చవక డిస్టెంపర్. రంగు చెంపల మీంచి కారింది, కళ్ళు కరిగాయి, పొట్ట మట్టిలో కలిసింది. ఆడవాళ్ళు బిత్తరపోయారు. పెద్దావిడ చెంపలేసుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

హెడ్మాస్టరు గారు వరండాలోంచి చూసి, "పోనీ తియ్యుర్రి మేడం, పీడ పోయింది. సున్నం ఖర్చు గూడ మిగిలింది" అన్నారు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆదివారం భద్రాచలం పోయి ఎనామిల్ డబ్బాలు తెచ్చాను, ఇనప గేట్లకు వేసే రంగు. పసుపు మరక ఉన్నచోట పసుపు రంగే పూసి మళ్ళీ వేశాను. ఈసారి ఆ ఆడవాళ్ళు నిచ్చెన పట్టుకున్నారు.

సోమవారం ఆయన సున్నం బకెట్‌తో, ప్యూన్‌తో వచ్చారు. బొమ్మకు ఆనుకుని నిలబడ్డాను.

"ఏంది మేడం, ఇంత మొండితనం? రేపు పెద్దసార్లు అడిగితే ఏం చెప్తరు?"

"ఊళ్ళో కప్పలెన్ని ఉన్నాయో వెతికి చూడమంటాను సార్. బతికున్నవాటిని మనమే తుడిచేశాం. ఎప్పుడో పోయిన ఈ ఒక్కదాన్నీ మీ చేత్తో తుడిచేస్తారా? తుడవండి. ముందు నాకు కొట్టండి సున్నం."

ఆయన ప్యూన్ వైపు చూశారు. ప్యూన్ బకెట్ వైపు చూశాడు. రోడ్డవతల పెద్దావిడ నిండు బిందె చంకనెత్తుకుని కదలకుండా నిలబడి ఉంది.

"టీచరమ్మా, ఈసారి రంగు నిలుస్తదా?" అని కేకేసింది.

"పోసి చూడవే పెద్దమ్మా!" అన్నాను. పక్కకు తప్పుకోలేదు. నా నెత్తి మీంచే పోసింది.

నిలిచింది.