మూత తీసిన సీసా

దిల్‌సుఖ్‌నగర్ల మా కిరాయి రూముల నాకంటే పెద్దోడు ఒకాయన ఉండె. అన్నా అని పిలుస్తుంటి. నల్గొండ నుంచి కోచింగుకొచ్చిన మేం పరీక్షల గురించో, ఉద్యమం గురించో పరేషానయితే ఆయనది ఒక్కటే మాట: "ఆగు, జర మరగనీ." చాయ్ గిన్నె ముందట కూసున్నా అదే మాట.

తెలంగాణ బందు రోజు హోటళ్లు తెరవరు. అందుకే చిన్న కిరోసిన్ స్టవ్వు సైకిల్‌కు కట్టుకొని, ఖాళీ రోడ్ల మీద ఇద్దరం తిరుగుతుంటిమి. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగి చాయ్ పెడుతుండె.

ఆ చలికాలం, విద్యార్థులు ఒంటికి నిప్పంటించుకుంటున్నరన్న వార్తలు ఆగుతలేవు. అన్న 'మరగనీ' అనుడు బంజేసిండు.

ఒక బందునాడు కర్మన్‌ఘాట్ రోడ్డు పక్కన ఆగినం. నేను గిన్నెల పాలు పోస్తున్న. అన్న సంచిలనుంచి గాసునూనె సీసా తీసి మూత తిప్పిండు. ఎదురింటి గేటు కాడున్న ఒక పెద్దమ్మ ఉరికొచ్చి, సీసా గుంజుకొని మోరిల పారబోసింది. అన్న చెంప మీద ఒక్కటి కొట్టింది.

"మీ అమ్మ యాదికి రాలేదా కొడుకా?"

"చాయ్ కోసమమ్మా, స్టవ్వుల పోసుకుందామని," అని నేను మొత్తుకున్న.

ఆమె పాలగిన్నె చూసింది. ఇంట్లకు పోయి, గ్లాసుల చాయ్ తెచ్చి, అన్న తాగేదాక ఎదురుంగ నిలబడ్డది. అన్న తలెత్తకుండనే ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చిండు.

ఆమె పొరపడ్డదని రూముల అందరికీ నవ్వుకుంట చెప్పిన. కానీ ఆ పొద్దున స్టవ్వుల నిండా గాసునూనె పోసింది నేనే. మళ్ల సీసా ఎందుకు తెచ్చినవని అన్నను ఇయ్యాల్టిదాక అడగలే.