లైసెన్సు కాయితానికి బొట్టు

నన్ను తొందరమనిషి అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ దసరా నాడు నేను చేసింది తొందరపనే, ఒప్పుకుంటాను.

అప్పుడు నిజాం రాజ్యం. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పక్క పల్లెకు కోడలిగా వచ్చి నెల కాలేదు. అత్తగారింటి బతుకంతా కల్లు దుకాణమే. పండగ పూట గీత కత్తీ, చెట్టెక్కే మోకూ కడిగి పెట్టి, పసుపు కుంకుమ పెట్టమని నాకు చెప్పారు. పెట్టాను. అంతటితో ఊరుకుంటే నేనెట్లవుతాను? దుకాణం గోడకున్న లైసెన్సు కాయితం కనబడింది. అదీ అన్నం పెట్టేదే కదా అనుకున్నాను. దాని మీది ఉర్దూ రాత మా ఇంట్లో ఎవరికీ రాదు. పైన గుండ్రంగా ఒక గుర్తు ఉంది, బొట్టుకోసమే వదిలిన చోటులాగా. తడి పసుపు నిండుగా అద్ది, నడుమ కుంకుమ పెట్టాను. కాసేపట్లోనే గుర్తులోని సిరా పసుపులో కలిసి చెదిరిపోయింది.

అది సర్కారు ముద్ర, మొహర్ అంటారని ఆ సాయంత్రం తెలిసింది. కాయితం దుకాణంలో అందరికీ కనబడాలట. సాలు, అంటే ఏడాది, నిండగానే పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తారట. మామ ఎవరితోనో చెబుతున్నాడు: "మొహర్ కరాబైతే దుకాణం ఇంకొకనికి పోతది." వాకిట్లో నిలబడి అంతా విన్నాను.

చెబుదామని తెల్లారి దుకాణానికి పోయాను. చూస్తే మేకు నుంచి దారంతో ఒక బంతి పువ్వు వేలాడుతోంది, సరిగ్గా మొహర్ మీద. అత్త భక్తి నన్ను బతికించింది అనుకుని నోరు మూసుకున్నాను.

ఆ ఏడాది పొడుగునా నాకు ఒక్కచోట కుదురు లేదు. గాలి వీస్తే పువ్వు కదిలిందేమోనని పరుగెత్తేదాన్ని. కల్లు దుకాణాలు తనిఖీ చేసే దారోగా గుర్రం చప్పుడైతే తలుపు చాటుకు పోయేదాన్ని. ఆయన గోడవైపు చూసి, పువ్వు చూసి, తల ఊపి పోయేవాడు. ప్రతి శుక్రవారం పువ్వు మారేది. బంతి లేకుంటే తంగేడు, అదీ లేకుంటే వేపరెమ్మ. చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో! నోటిదాకా వచ్చిన మాటను మింగి, అందరి మీదా ఊరికే కసురుకునేదాన్ని.

గడువు చివరి రోజు రానే వచ్చింది. మామ కాయితాన్ని పువ్వుతో సహా గుడ్డలో చుట్టుకుని ఎల్లారెడ్డి బయలుదేరాడు. ఇంట్లో ఉండలేకపోయాను. "కామారెడ్డి బస్సెక్కి తల్లిగారింటికి పోత మామా, ఎల్లారెడ్డి దాకా నీ వెంబడి వస్త" అన్నాను. సరేనన్నాడు.

అక్కడి సర్కారు కచేరీలో రాతపని చేసే మున్షీ గుడ్డ విప్పి, పువ్వు తీసి పక్కన పడేసి, కళ్లు పెద్దవి చేశాడు.

"మొహర్ ఏది? గిది ఎవరు చేసిన్రు?"

నేను నోరు తెరిచే లోపల మామ అన్నాడు: "నేనే చేసిన, దొరా."

"లైసెన్సు పట్టినోడే కాయితం కరాబు చేస్తే మళ్ల ఇచ్చేది లేదు. జరుగు!"

మా దుకాణం కోసం దరఖాస్తు పెట్టుకున్న కామారెడ్డి ఆసామి మా వెనకే ఉన్నాడు. చటుక్కున ముందుకొచ్చాడు. అది చూడగానే నాకు భయం పోయి కోపం వచ్చింది. ఆడవాళ్లు మాట్లాడే చోటు కాదది. అయితే ఏంది!

"ఆయన చెయ్యలె. నేను చేసిన. కత్తికి పెట్టిన, మోకుకు పెట్టిన, దీనికీ పెట్టిన. అన్నం పెట్టే కాయితానికి బొట్టు పెట్టొద్దని మాకెవరన్న చెప్పిన్రా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మున్షీ గొణుక్కుంటూ రిజిస్టరు తీసి, నంబరు సరిచూసుకుని, ఇంటి ఆడమనిషి తెలియక చేసిందని రాసి నా వేలిముద్ర తీసుకున్నాడు. మధ్యాహ్నానికి కొత్త కాయితం మా చేతికొచ్చింది. కామారెడ్డి ఆసామి మా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

నేను బస్సెక్కలేదు. మామ వెనకే ఇంటి దారి పట్టాను. ఆయన వెనక్కి చూడకుండా నడిచాడు. ఆయన పరువు కచేరీలో తీశానని నాకు మళ్లీ గుబులు మొదలైంది.

సగం దారిలో ఒక చేను గట్టున మామ ఆగాడు. వంగి ఒక బంతి పువ్వు తెంపాడు, పంచె మడతలోంచి దారం ముక్క తీశాడు. అప్పుడేదో గుర్తొచ్చి అట్లాగే నిలబడిపోయాడు.

"ఇగ దీనితోని పని లేదు గదా" అని పువ్వు నా చేతిలో పెట్టాడు.

పువ్వు పట్టుకుని అడిగాను, "నీకెప్పటి నుంచి ఎరుక?"

"దసరా నాడే చూసిన. అడిగితే ఏడుస్తవని అడగలె."

"ఏడాది నుంచి ఏడుస్తనే ఉన్న మామా!" అని నడిదారిలో అరిచాను.

"నాకు మాత్రం నిద్ర పట్టిందా, బిడ్డా" అని, తలపాగా కొసతో కళ్లు తుడుచుకుని ముందు నడిచాడు.