నీళ్ళు చరిచి గోడ పట్టుకునేవాడు

ఐరాల చెంగల్రాయులు ఇక లేడన్న దుర్వార్త తిరుపతి బస్టాండులో, ఐరాల బస్సు కండక్టరు నోట నా చెవిన పడింది. "మీ ఈతాయన పొయినాడు స్వామీ, నిన్న మద్దేనం" అని చెప్పి అతను టికెట్లు కొట్టుకుంటూ లోపలికి పోయాడు. నేను పక్కనున్న అరటిపండ్ల బండి పట్టుకుని నిలబడిపోయాను. ఈ నడుమ మిత్రులు ఒకరి వెనుక ఒకరు రాలిపోవడమూ, "నువ్వైతే నాలుగు మాటలు బాగా రాస్తావు" అంటూ వాళ్ళ బంధువులు నా గడప తొక్కడమూ రివాజైపోయింది. రాసి రాసి నా విశేషణాలన్నీ అరిగిపోయాయి. అయినా ఉన్నవాటినే ఉతికి ఆరేసి, ఇలా మొదలుపెట్టాను:

"జలక్రీడా ధురంధరుడు, శ్రమ ఎరుగని ఆజానుబాహువు, షష్టిపూర్తి దాటిన ప్రాయంలో దక్షిణదేశపు ఈతగాళ్ళ గుండెల్లో నిద్రపోయిన మహావీరుడు అస్తమించాడు."

పెద్దకర్మ నాడు దీన్ని ఆయన భార్య రాజమ్మగారికి చదివి వినిపించాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఎవురు స్వామీ ఈయన? మా ఇంట్లో ఉన్నాయన గురించి రాయి" అంది.

కాబట్టి దిద్దుకుంటున్నాను. చెంగల్రాయులు బక్కపలచని మనిషి. చేతులు మోకాళ్ళ దాకా లేవు. శ్రమను బాగా ఎరుగును. ఎరిగి, దానితోనే కాపురం చేశాడు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో నాకెదురు బల్ల ఆయనది. మధ్యాహ్నం పులిహోర తిన్నాక నేను కాసేపు యోగనిద్రలో ఉండేవాణ్ణి. (గురక అని గిట్టనివాళ్ళు అంటారు.) నాతో పని పడితే ఆయన నన్ను తట్టి లేపేవాడు కాదు. తన బల్ల మీద అరచేత్తో ఒకసారి చరిచి, నేను కళ్ళు తుడుచుకుని కాగితాలు సవరించుకునే దాకా కిటికీ వైపు చూస్తూ నిలబడి, అప్పుడు వచ్చేవాడు. ఎవరి గదిలోకైనా అంతే. తలుపు తీసే ఉన్నా దాని మీద ఒక దెబ్బ వేయనిదే అడుగు పెట్టడు. ఎందుకప్పా ఈ మేళం అని నేనొకసారి అడిగితే, ఇది బావిలో అబ్బిన అలవాటన్నాడు.

ఐరాల దగ్గర వాళ్ళ చెరుకు తోటలో రాళ్ళు పేర్చి కట్టిన పెద్ద బావి ఒకటి ఉండేది. అందులోనే వాళ్ళ నాయన ఆయన నడుముకు బెండు కట్టి ఈత నేర్పాడు. రాళ్ళ సందుల్లో పాములుంటాయి. ఈది ఈది అలసినవాడు దబుక్కున గోడ పట్టుకుంటే చెయ్యి నేరుగా వాటి మీదే పడుతుంది. అందుకని నాయన చెప్పిన మొదటి పాఠం ఇది: "ముందు నీళ్ళు కొట్టు. ఆడ ఉండేది ఏదైనా పక్కకు పోతాది. ఆపైన గోడ పట్టుకో. అది దాని ఇల్లురా, మనమే పొయ్యేది."

ఈ పాఠమే ఆయన్ను ముంచింది. మద్రాసులో కాలేజీ చదివే రోజుల్లో ఈత పోటీకి దిగి, అందరికంటే ముందు వచ్చి, ముట్టుకోవలసిన గోడ ముందు ఆగి, ఫట్‌మని నీళ్ళు చరిచాడట. ఆ లోపల పక్క వరసవాడు గోడ ముట్టేశాడు. తెల్లటి పెంకులు పరిచిన కొలనులో పామెక్కడిది? విరగబడి నవ్వి, ఆయనకు 'బావికప్ప' అని పేరు పెట్టారు. చదువు అయిపోయినా ఆ పేరు పోలేదు. మద్రాసు స్నేహితులు పెళ్ళి శుభలేఖల మీద కూడా అదే రాసి పంపేవాళ్ళు. ఆయన మళ్ళీ పోటీ మాట ఎత్తలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదే ఇద్దరం రిటైరయ్యాం. అరవై దాటాక ఒకనాడు ఆయన పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. మద్రాసులో పెద్ద వయసువాళ్ళకు ఈత పోటీలట.

"ఒక్కసారి నీళ్ళు కొట్టకుండా గోడ ముట్టుకోవాల స్వామీ. ఆ పేరు పెట్టుకోని చావలేను" అన్నాడు.

అప్పటి నుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి. వారం వారం ఐరాల బస్సెక్కి, ఆ బావి మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చుని, ఆయన గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా "కొట్టొద్దు!" అని అరవడం నా ఉద్యోగం. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు దిగడం ఒక తపస్సు. ఆయన చెయ్యి మాత్రం నా మాట వినలేదు. రాజమ్మగారు గట్టు మీద నుంచి కేకలేసేది: "ఈడ నిజంగానే పాములుండాయి స్వామీ! కొట్టొద్దని సెప్తే కరిచేది నిన్ను కాదు గదా! నువ్వు దిగి పట్టుకో సూద్దాం!"

నేను దిగలేదు. నాకు ఈత రాదు.

మద్రాసులో ఆ రోజు జనసంద్రం. కొలను చుట్టూ కరతాళధ్వనులు మిన్నుముట్టాయి. సరే, జనమంటే పోటీదార్ల భార్యలు, ఒక సోడాల అతను, నేను. ఈల వేయగానే మా చెంగల్రాయులు... మొసలిలా అని రాయబోయాను. కాదు. బావి ఈతగాడు గనక గుండ్రంగా తిరగడం అలవాటై, కొంచెం పక్కకు లాగుతూ, వరసల మధ్య కట్టిన తాడు తగిలినప్పుడల్లా సర్దుకుంటూ పోయాడు. అయినా ముందున్నాడు. పాలఘాటు నుంచి వచ్చిన రిటైర్డు పోస్టుమాస్టరు ఒకాయన వెనకే వస్తున్నాడు. నేను ఆ చివర గోడ పక్కనే వంగి నిలబడ్డాను. ఆయన దగ్గరికొచ్చాడు. ఇంక మూరెడు. "కొట్టొద్దప్పా!" అని గొంతు చించుకున్నాను. ఆయన చెయ్యి పైకి లేచింది.

ఫట్!

నీళ్ళు నా పంచె మీద పడ్డాయి. పోస్టుమాస్టరు గోడ ముట్టేశాడు.

తిరుగు రైలు అరక్కోణం దాటింది. అలసిపోయాం. అప్పుడాయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "పోనీలే స్వామీ. చెప్పకుండా ఒకరి గోడ పట్టుకునేది ఈ వయసులో యాడ నేర్చుకునేది?"

వచ్చే ఏడు మళ్ళీ చూద్దామన్నాను. ఆ ఏడు వానల్లేవు. ఆ పై ఏడూ లేవు. చుట్టుపక్కల అందరూ బోర్లు దించారు. బావిలో నీళ్ళు మొదట నడుము లోతు, తరువాత మోకాలి లోతు, ఆ తరువాత తడి మన్ను. చివరిసారి నేను పోయినప్పుడు ఆయన అడుగు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాళ్ళ సందులు పైదాకా బయటపడి ఉన్నాయి. "పాములు గూడా పొయినాయి స్వామీ" అన్నాడు.

ఆయన పోయిన తీరు రాజమ్మగారు చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో మంచం మీద పడుకున్నాడు. నిద్రపోతున్నాడనే అనుకుంది. సాయంత్రం కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు. పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్న తనకు చిన్న దగ్గు కూడా వినపడలేదని మళ్ళీ మళ్ళీ చెప్పింది. "గడప దాటాలన్నా సప్పుడు సేసేటాయన స్వామీ" అంది.

ఆయన లేని లోటు పూడ్చరానిదని రాయడం ఆచారం. ప్రతివాడికీ అదే రాశాను. ఈసారి మాత్రం నా మధ్యాహ్నపు నిద్ర నుంచి నన్ను మర్యాదగా లేపేవాడు పోయాడు. ఇక లేపితే తట్టే లేపుతారు. మిత్రమా, నీ కోరిక నెరవేరింది. ఇన్నాళ్ళకు నీళ్ళు కొట్టకుండా గోడ ముట్టావు. మా అందరికంటే ముందు ముట్టావు. ఈసారి నిన్ను బావికప్ప అనేవాడు లేడు. అక్కడ గోడ పక్కన వంగి "కొట్టొద్దప్పా" అని అరవడానికి నేనూ లేను. ఉండి ఉంటే, కొట్టమనే అరిచేవాణ్ణి.