కాలువ నీళ్లు, నాయన జవాబు

బడి నుంచి వచ్చీ రాగానే నా కూతురు కొత్త పరిసరాల పుస్తకం తెరిచి నా ముక్కుకు ఆనించింది. ఆ ఇంకు వాసన తగిలితే ఇప్పటికీ నాకు నా ఏడో తరగతే గుర్తొస్తుంది.

కన్నడ సీమలోని మా సిరుగుప్పలో చిన్నప్పుడు మట్టెద్దుల అమావాస్య వస్తుందంటే పిల్లలందరం ఎండిపోయిన కాలువలోకి దిగి, నెర్రెలిచ్చిన అడుగు తవ్వి, మెత్తటి బంకమట్టి గంపలకెత్తుకొచ్చి ఎద్దులు చేసి, జొన్నగింజలు కళ్లుగా గుచ్చి, వంటింట్లోంచి హోళిగల, అదే బొబ్బట్ల, నేతివాసన రాగానే చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తేవాళ్లం. ఆ పండుగ దాటిన చాన్నాళ్లకు గానీ డ్యామ్ నీళ్లు వచ్చేవి కావు. అవి వస్తేనే నాట్లు.

మా కన్నడ బడి పుస్తకంలో మాత్రం రైతు తొలకరి వానకే వరి నాటేవాడు. ఆ పాఠం రాసిన మహానుభావుడు మా కాలువ గట్టు ఎన్నడైనా తొక్కాడో లేదో! ఏడో తరగతి మొదటి పరీక్షలో 'వరి ఎప్పుడు నాటుతారు?' అంటే, నాయన చెప్పినట్టే 'కాలువకు నీళ్లు వదిలినప్పుడు' అని రాశాను. మేష్టారు సున్నా చుట్టి, గోడ పక్కన నిలబెట్టారు. ఆ తరగతి తప్పితే బడి మాన్పించి నాట్లకు పంపుతామని ఇంట్లో ముందే చెప్పేశారు. నాకేమో చదువంటే ప్రాణం. సాయంత్రం మోకాళ్లదాకా బురదతో మడిలోంచి వచ్చిన నాయన మీద విరుచుకుపడ్డాను.

"నీకేం తెల్దు నాయనా! పుస్తకంలో అట్ల లేదు. ఇంక నాకేం చెప్పొద్దు."

"అట్లనా? పుస్తకంలో ఉండేదే కరెక్టేమోలేమ్మా" అని కాళ్లు కడుక్కోను పోయాడు.

నేను పుస్తకం మాట బట్టీపట్టి పాసయ్యాను. ఆయన మళ్లీ నా చదువు జోలికి రాలేదు. సిగ్గుతో ఇన్నేళ్లూ ఆ సంగతి ఎత్తలేకపోయాను.

నా కూతురి పుస్తకంలో ఆ ప్రశ్న కింద 'మీ ఇంటి పెద్దలను అడిగి రాయండి' అని ఉంది. ఇంకా మారాల్సిన పాఠాలు బోలెడున్నాయి గానీ, ఇదొక్కటి మారినందుకే హమ్మయ్య అనుకున్నాను. మా అమ్మాయి నోటుబుక్కుతో తాత పక్కన చేరింది.

"నన్నడగొద్దు తల్లీ, మార్కులు పోతాయి. మీ అమ్మనడుగు."

"నువ్వే చెప్పు నాయనా. ఆ పొద్దు తప్పు నాదే."

ఆయన చాలాసేపు చెప్పాడు, అది రెండు పేజీలు రాసింది.

ఇప్పుడు కాలువ అడుగంతా సిమెంటు. మట్టి దొరకదు, ఎద్దులు అంగట్లో కొంటున్నాం. మరునాడు టీచరు పెట్టిన రైటు గుర్తును మనవరాలు చూపించగానే నాయన కళ్లద్దాలు వెతుక్కున్నాడు.

"యాడ? ఇంగోసారి చూపీ" అన్నాడు.