చప్పట్ల అత్త

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ చప్పట్ల అత్తే. పాలబండి అతనికీ అత్తే, వయసులో ఆమెకన్నా పెద్దవాడైన దర్జీకీ అత్తే. సొంత కోడలు మాత్రం "అత్తయ్యా" అని కాస్త మర్యాద కలిపి పిలుస్తుంది, అదీ కోపం లేనప్పుడు.

ఆమె పని సభలకు వెళ్ళడం. ఏ పార్టీ సభలని నన్నడక్కండి, ఆమే ఎప్పుడూ అడగలేదు. మేస్త్రీ బండి తెచ్చి వీధి చివర హారన్ కొడతాడు, ఆ రోజు ఏ రంగు టోపీ చేతికిస్తే అది నెత్తిన పెట్టుకుని ఆమె ఎక్కుతుంది. మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ అనుకునేరు, ఇతను జనాన్ని పోగేసి సభలకు తోలే మేస్త్రీ. అతని తండ్రి కూడా అదే పని చేసేవాడు. బట్టల మిల్లు మూతపడి మొగుడు ఇంట్లో కూర్చున్న ఏడాది, వేరే దారి లేక ఆమె ఆ ముసలి మేస్త్రీ లారీ ఎక్కింది. ఎక్కినది ఎక్కినట్టే ఉంది, దిగడానికి మళ్ళీ వీలు చిక్కలేదు.

మొదట్లో ఆమెకూ చేతకాలేదు. వేదిక మీద పెద్దమనిషి ఏం చెబుతున్నాడో ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినేది, అర్థం చేసుకునేది, నచ్చితే కొట్టేది. అప్పటికి ఆయన ఇంకో మాటలోకి వెళ్ళిపోయి ఉండేవాడు. ముసలి మేస్త్రీకి ఒళ్ళు మండింది.

"మాటలు వింటావేంటమ్మా నువ్వు? మాటలు వింటూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. ఊపిరి విను. గొంతు పైకి లేపుతాడు, టక్కున ఆగుతాడు, గాలి పీల్చుకుంటాడు. అదుగో, అక్కడ కొట్టాలి."

ఆ ఒక్క ముక్కతో ఆమె బతుకు గాడిన పడింది. ఆ తర్వాత ఆమె ఏ ఉపన్యాసమూ వినలేదు. ఊపిరి మాత్రమే వింది. ఆమె అరచేతులు వెడల్పు, గట్టి, మోత మైదానం చివరిదాకా వెళ్ళేది. ముందు ఆమె కొడుతుంది, ఆ వెంటనే చుట్టూ ఉన్నవాళ్ళు, ఆ తర్వాత మిగతా జనం. సభ పెట్టేవాళ్ళు మేస్త్రీని ఫోన్లో అడిగే మొదటి మాట "ఆవిడ వస్తోంది కదా?" అని.

దేశం ఎదిగిందా అంటే ఎదిగింది. కాదనడానికి నాకు నోరు రాదు. ఆ ఎదుగుదలను ఆమె చూసినంత దగ్గరగా ఇంకెవరు చూసి ఉంటారు? లారీ పోయి బస్సు వచ్చింది, బస్సు పోయి చల్లగాలి బస్సు వచ్చింది. నేల మీద కూర్చునే జనం ప్లాస్టిక్ కుర్చీలెక్కారు. ఎక్కడో చీమంత కనబడే నాయకుడు ఇప్పుడు పెద్ద తెర మీద మొహాన మొటిమతో సహా కనబడుతున్నాడు. ఒకప్పుడు కుళాయిలిస్తాం, దీపాలిస్తాం అనేవాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీలన్నారు. ఇప్పుడు ప్రపంచంలో మన దేశం ఎన్నో స్థానంలో ఉందో చెబుతున్నారు. ఏడాదికేడాదికీ పైకి పోయే ఆ స్థానాలన్నిటికీ ఆమె చప్పట్లు కొట్టింది. ఒకసారి కోడల్ని అడిగింది కూడా.

"మనకంటే పైస్థానంలో ఉన్నవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు రావా అమ్మా?"

"వాళ్ళకీ వస్తాయి. వాళ్ళు కుర్చీల్లో కూర్చుని మూలుగుతారు," అంది కోడలు. ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం ఆ పిల్లది, నొప్పుల సంగతి ఆమెకు బాగా తెలుసు.

మిల్లు ఉన్నచోట అద్దాల భవనం లేచింది. అక్కణ్ణించి ఇళ్ళకు పార్సిళ్ళు మోసేది అత్త కొడుకే. ఇల్లూ ఎదిగింది. రేకుల గోడలు తీసేసి, ఓ ఏడాది ఓ గోడ, ఇంకో ఏడాది ఇంకో గోడ ఇటుకతో కట్టుకున్నారు. నాలుగో గోడ మొగుడే కట్టాడు, పక్క మీంచి లేచి, దగ్గుతూ. స్లాబు పడటం మాత్రం చూడలేదు, ముందే పోయాడు. పోయిన వేసవిలో స్లాబు పడ్డాక, సాయంత్రాలు ఆమె పైకెక్కి వెల్లకిలా పడుకుని, అరచేతుల్ని ఆ సిమెంటుకు ఆనించి ఉంచేది. ఎండకు కాగిన స్లాబు చేతులకు కాపడం పెట్టినట్టు ఉండేది.

నిజం చెప్పాలంటే ఆమె అలిసిపోయింది. చేతులు కావు, మనిషే అలిసిపోయింది. ఈ ఇల్లు పూర్తయింది, ఇక చాలు, ఈ ఎన్నికలు గడిస్తే మానేస్తాను అని అందరితోనూ అంటోంది.

సరిగ్గా అప్పుడే మూడుకాళ్ళ గొట్టం ఒకటి పట్టుకుని కొలతలవాళ్ళు దిగారు. వీధిలో గోడలన్నిటి మీదా ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి, అడిగితే నోరు విప్పకుండా వెళ్ళిపోయారు. విమానాశ్రయానికి పెద్ద రోడ్డు వేస్తారట, అది ఈ వీధి మీంచే పోతుందట. దర్జీ కొట్టు ముందు జనం పోగయ్యారు.

"అత్తా, నీకు తెలియని నాయకుడెవడు? ఆదివారం పెద్దాయన సభ ఉంది కదా. మా వీధి జోలికి రావద్దని ముందు వరసలో లేచి అడుగు," అన్నాడు దర్జీ.

"నేను వాళ్ళకు తెలుసనుకున్నావా నాయనా? నా చేతులు తెలుసు."

"ఆ చేతులే పైకెత్తు. నీ మాట కాదనగలడా?"

ఇంతమంది తన మీద ఆశ పెట్టుకోవడం ఆమెకు కొత్త. భయంగానూ ఉంది, కాస్త గర్వంగానూ ఉంది. మేస్త్రీని బతిమాలితే, ఉపన్యాసం అయ్యాక ఒక్క నిమిషం మైకు ఇప్పిస్తానన్నాడు. వీధిలో ఆడవాళ్ళంతా పనులు మానుకుని ఆమెతో పాటు బస్సెక్కారు. దారి పొడుగునా ఆమె చెప్పాల్సిన మాటలు నోట్లోనే నూరుకుంటూ కూర్చుంది.

పెద్దాయన ఆలస్యంగా వచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది. గుడారం కింద కుర్చీలు కాలిపోతున్నాయి. ఆయన మొదలుపెట్టాడు. ఆమె పెదవులు తన మాటల్నే వల్లిస్తున్నాయి, చెవులు వాటి పని అవి చేస్తున్నాయి, ఇన్నేళ్ళుగా చేసినట్టే. గొంతు లేచింది. ఆగింది. గాలి పీల్చుకున్నాడు. ఆమె కొట్టింది. వీధి ఆడవాళ్ళు అందుకున్నారు. మైదానమంతా అందుకుంది. మళ్ళీ లేచింది, ఆగింది, కొట్టింది. మూడోసారి గొంతు ఇంకా పైకి పోయింది, ఎక్కువసేపు ఆగింది, ఆమె చేతులు నొప్పెట్టేలా కొట్టింది.

"చూశారా!" అని పెద్దాయన వేలు చాపి ముందు వరస వైపు చూపించాడు. "ఆ వీధి అక్కచెల్లెళ్ళే ఇక్కడ కూర్చున్నారు! దేశం కోసం ఇళ్ళు వదులుకోమంటే చప్పట్లు కొడుతున్నారు! ఇదీ నా జనం!"

పక్కన కూర్చున్న పాలబండి అతని భార్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "అత్తా... రోడ్డు మన మీంచే అన్నాడే. మనం కొట్టింది దానికే," అంది.

పెద్ద తెర మీద ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి, నవ్వుతున్న పెద్దాయనదీ, నోరు తెరిచిన అత్తదీ. ఆమె లేచింది. "అయ్యా, మాట" అని అరిచింది. మైదానమంతా చప్పట్లు హోరెత్తుతుంటే ఆ అరుపు పక్క కుర్చీదాకా కూడా పోలేదు. మేస్త్రీ వచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటికే ఫోన్లో అంతా చూసేసిన కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎవరో మోసం చేశారందామంటే, చేతులు మీవే కదా అత్తయ్యా!" అని ఏడ్చేసింది. అత్త లోపలికి పోయి నాలుగో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ మర్నాటినుంచి దర్జీ ఆమెను చూస్తే మిషను మీదకు తల వంచేసేవాడు. మేస్త్రీ రెండుసార్లు వచ్చి హారన్ కొట్టి, ఎవరూ రాక వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు అభ్యంతరాలుంటే చెప్పుకోమని బడి హాల్లో అధికారులు కూర్చున్నారు. తను వెళ్ళకూడదనే అనుకుంది ఆమె, ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? కోడలే సెలవు పెట్టి వచ్చింది. "మీరు రాకపోతే ఆ వీడియోనే మాట్లాడుతుంది అత్తయ్యా. పదండి," అని చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

హాలు నిండా వీధి జనమే. వాళ్ళలో సగం మంది ఆమె వైపు చూడలేదు. ఆమె వంతు వచ్చాక, చిన్న వయసు అధికారి మర్యాదగానే ఫోను తిప్పి చూపించాడు. అందులో ఆమె కొడుతోంది.

"ఇది మీరే కదమ్మా?"

"నేనే బాబూ."

"మరి ఇప్పుడు అభ్యంతరం ఏమిటి?"

మైకు ముందు నిలబడటం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. బస్సులో నూరుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను విని కొట్టలేదు బాబూ. వినకుండా కొట్టడమే నా పని, మొదట్నుంచీ అదే నేర్పారు. కుళాయిలన్నప్పుడూ అంతే, ఫ్యాక్టరీలన్నప్పుడూ అంతే. తప్పు నాదే. నా వెనకాల కొట్టినవాళ్ళు నా మోత విని కొట్టారు, వాళ్ళ తప్పేం లేదు. రోడ్డు వద్దని నేననను. విమానాలెక్కేవాళ్ళకి రోడ్లు కావాలి. మా ఇల్లు ఒక్కసారి కట్టింది కాదు బాబూ, గోడ తర్వాత గోడ కట్టాం. ఆ నాలుగో గోడ ఆయన దగ్గుతూ కట్టాడు, వద్దంటే వినలేదు, నువ్వు ఎండలో సభలకి పోతావు, నేను నీడ కట్టలేనా అన్నాడు. ఆ నీడ ఇప్పుడు..."

గొంతు లేచి ఆగిపోయింది. ఆమె ఆయాసపడుతూ నిలబడింది.

హాల్లో చప్పుడు లేదు. ఒక్క చెయ్యీ కదల్లేదు. దర్జీ తలెత్తి ఆమె వైపే చూస్తున్నాడు, పాలబండి అతని భార్య చూస్తోంది, కోడలు చూస్తోంది. వాళ్ళందరూ మాటలు వింటున్నారని ఆమెకు అర్థమైంది.

అధికారి గడియారం చూసుకుని మైకు వైపు చెయ్యి చాపాడు. "అయిపోయిందా అమ్మా?"

చప్పట్ల అత్త మైకును వదల్లేదు.

"అవలేదు బాబూ. ఊపిరి తీసుకుంటున్నా."